చెవుల్లేని సిస్టరు

పాడేరు జిల్లా కేంద్రమైన మరుసటి ఏడు, 2023 వానాకాలం. పాడేరు నుంచి గూడెం కొత్తవీధి వైపు వెళ్లే దారిలో, రోడ్డు ఎక్కడుందో తెలిసినవాళ్లు నడిపితే జీపులో గంటన్నర పట్టే ఒక ఆస్పత్రిలో నేను స్టాఫ్ నర్సుని. ఆస్పత్రి పేరు చెప్పను. ఇందులో వచ్చే ఆడవాళ్ల పేర్లు కూడా అసలువి కావు, వాళ్లే ఎంచుకున్నవి. నా పేరు మార్చే అవసరం రాలేదు. పన్నెండేళ్లుగా ఆ కొండల్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ సిస్టరమ్మనే.

మా ఆస్పత్రి వెనక బర్త్ వెయిటింగ్ హోమ్ ఉంది. నెలలు నిండే గర్భిణులు కాన్పుకు రెండు మూడు వారాల ముందే వచ్చి ఉండే వసతి గృహం అది. నొప్పులు మొదలయ్యాక కొండ మీది నుంచి డోలీలో మోసుకొచ్చేలోపు వానా, వాగూ తమ పని తాము చేసుకుపోతాయి కనుక, మనిషినే ముందుగా దించేస్తాం. ఏడు మంచాలు, ఒక హాలు, ఒక టీవీ. మంచాలు మాత్రం ఎప్పుడూ పనిచేస్తాయి.

ఆ జూలైలో ఒక విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరు మేడం, ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న మానస అనే అమ్మాయి వచ్చారు. ఆర్ట్స్ బేస్డ్ రీసెర్చ్ చేస్తామన్నారు. అంటే ప్రశ్నలడిగి టిక్కులు పెట్టుకునే బదులు, మనుషుల చేత బొమ్మలు వేయించి, ఆ బొమ్మల మీదుగా వాళ్ల అనుభవాన్ని తెలుసుకునే పద్ధతి. మా దగ్గర కాన్పయిన, కాబోతున్న ఆడవాళ్లు, వాళ్లకు తోడొచ్చే అత్తలు ఆస్పత్రి గురించి ఏమనుకుంటున్నారో వాళ్లకు కావాలి. ఆ తర్వాత పాడేరులో ఆ బొమ్మలతో ఒక ఎగ్జిబిషన్.

నాకు ఈ పద్ధతి నచ్చింది. ప్రశ్నలడిగే సర్వేలు నేనూ చాలా చేశాను. సేవలు ఎలా ఉన్నాయంటే బాగున్నాయంటారు. మందులు బాగున్నాయి. భోజనం బాగుంది. ఒకసారి విసుగొచ్చి, మా ఆపరేషన్ థియేటరు ఎలా ఉందని అడిగాను. అదీ బాగుందన్నారు. మాకు ఆపరేషన్ థియేటరు లేదు.

ముందు కన్సెంట్ ఫారం. పరిశోధనలో పాల్గొనేవాళ్లు అన్నీ తెలుసుకుని, ఇష్టపడి ఒప్పుకున్నామని పెట్టే సంతకం. మాది నాలుగు పేజీలు. పదకొండు మంది ఆడవాళ్లను హాల్లో కూర్చోబెట్టి, నాకు వాళ్ల మాట, వాళ్లకు నా మాట అలవాటే కాబట్టి, దాన్ని చదివి చెప్పే పని నాకు అప్పగించారు. ముందు వరసలో గాసమ్మ కూర్చుంది. యాభై దాటిన మనిషి, అయిదు కాన్పులూ ఇంట్లోనే. పక్కన ఆమె కోడలు చిలకమ్మ, అప్పటికి ఏడో నెల. మొదటి పిల్లవాడు రెండేళ్ల కిందట మా దగ్గరే పుట్టాడు.

"వద్దంటే ఏటవుద్ది?" అంది గాసమ్మ.

"ఏమీ అవదు. మీ వైద్యానికీ దీనికీ సంబంధం లేదు."

"సదివేది నువ్వే కదేటి. రేపు పురుడు పొయ్యేదీ నువ్వే కదేటి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ప్రశ్న కొట్టుకుపోయింది. తర్వాత చాలా రోజులకు వెనక్కి తిరిగి చూస్తే, ఆ నాలుగు పేజీల్లో లేని అసలు విషయం గాసమ్మ రెండు ముక్కల్లో చెప్పేసిందని అర్థమైంది. ఆరోజు మాత్రం నేను రెండో పేజీ తిప్పాను.

రెండో పేజీలో అనానిమిటీ ఉంది. ఎవరు చెప్పారో బయటపడకుండా చూడటం. దాన్ని నేను చాలా ధీమాగా వివరించాను. "మీ పేర్లు ఎక్కడా ఉండవు. బొమ్మ కింద పి-వన్, పి-టూ అని అంకెలు మాత్రం ఉంటాయి. ఏది ఎవరిదో దేవుడికీ మానసకూ తప్ప ఇంకెవరికీ తెలియదు." నేను ఆదివారం ప్రార్థన మానని మనిషిని, దేవుడి పేరు ఊరికే వాడను. ఆ రోజు వాడాను.

మానస రంగుల ట్యూబులు తెచ్చింది. ఆడవాళ్లు మూతలు తీసి, వాసన చూసి, మర్యాదగా మళ్లీ మూతలు పెట్టేశారు. మర్నాడు ఎవరి ఎర్రమట్టి వాళ్లు, ఎవరి తెల్లమట్టి వాళ్లు, ఎవరి బొగ్గు వాళ్లు ఆకుదొన్నెల్లో పట్టుకొచ్చారు. ముతక నూలు గుడ్డల మీద వేళ్లతోనే వేశారు. నేను ఉంటే వాళ్ల చెయ్యి ఆడదని మానస నన్ను బయటే ఉంచింది. న్యాయమే. కానీ కొంచెం కష్టంగా అనిపించింది. ఆస్పత్రి మాది, హాలు మాది, పైగా టీ కూడా మేమే కాచి ఇస్తున్నాం.

నాలుగు రోజులయ్యాక గుడ్డలన్నీ హాల్లో తాళ్లకు ఆరేశారు. అప్పుడు చూడనిచ్చారు. డోలీ మోస్తున్న నలుగురు మగవాళ్లు, మోకాళ్లదాకా వాగు. మంచం మీద ఒకామె, మంచం కింద ఆమె వదిలేసి వచ్చిన మేకలు, అంటే మనసులో మేకలే ఉన్నాయన్నమాట. సెలైన్ సీసా చుట్టూ అల్లుకున్న చిక్కుడు తీగ. ఒక్కొక్కటీ చూస్తూ ఏడోదాని దగ్గర ఆగిపోయాను.

గుడ్డ పొడవునా ఒక తెల్లని ఆడమనిషి. ఎడమ చేతిలో కాగితం. కుడి మణికట్టుకు ఒక నల్ల చుట్టు, గాజేమో అనుకున్నాను. ఆమె వెనక ఇనుప గేటు. గేటు అవతల చాలా చిన్నగా ఒక ముసలమ్మ, నెత్తిన ఆకుల గొడుగు, చుట్టూ వాన గీతలు. తెల్లమనిషికి రెండు కళ్లున్నాయి, నోరు చాలా పెద్దదుంది. చెవులు లేవు.

నాకు నవ్వాగలేదు. మా సీనియర్ సిస్టరు అచ్చం దిగిపోయింది. ఆమె గొప్ప నర్సు. గొంతు మాత్రం పక్క పంచాయతీకి కూడా సేవ చేస్తుంది. "దీన్ని మా పెద్ద సిస్టరుకు ఇప్పుడే చూపించకండి, ఆవిడకు బీపీ ఉంది" అని మానసతో చెప్పి, మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకోసారి చూసి వచ్చాను.

అదే రోజు మధ్యాహ్నం, గుడ్డలు ఆరాయో లేదో చూద్దామని గాసమ్మ వచ్చింది. తాడు వెంబడి నడుస్తూ, బస్సు బోర్డులు చదివినట్టు చదువుకుంటూ పోయింది.

"ఇది పొత్తిది. ఇది కొండమ్మది, సుక్కలెట్టకుండా దాని సెయ్యి నిలవదు. ఇది నాది. ఇది పొత్తి సెల్లిది, గీత గీసీసి తుడిసేత్తాది, సిన్నప్పన్నుంచీ అంతే."

మానస మొహం తెల్లబోయింది. "మీకెలా తెలుసమ్మా?"

గాసమ్మ ఆ పిల్ల వైపు జాలిగా చూసింది. "సెయ్యి తెల్దేటి?"

ఆ గూడెంలో ఇళ్ల గోడలకు ఎర్రమట్టి అలికి, కింద అంచుకు తెలుపుతోనూ నలుపుతోనూ వేళ్లతో పట్టీ తీస్తారు. పుట్టినప్పటి నుంచీ ఒకరి గోడ ఒకరు చూస్తూ పెరిగినవాళ్లు. మనం దస్తూరీ గుర్తుపట్టినట్టు వాళ్లు వేలి గీత గుర్తుపడతారు. ఇది నాకు తెలియనిది కాదు. పన్నెండేళ్లుగా ఆ గోడల పక్కనే నిలబడి బీపీలు చూశాను. పేరు తీసేస్తే మనిషి కనబడదని చెప్పింది నేనే. వాళ్లు పేరు రాయడమే ఎరగరు. వాళ్ల సంతకమంతా ఆ గీతలోనే ఉంది.

గాసమ్మ ఏడోదాని ముందుకొచ్చింది. కాసేపు నిలబడింది.

"ఇదెవులిదో. తెల్దు."

మిగతావన్నీ చదివేసి వెళ్లిపోయింది. పది బొమ్మలకు తడుముకోకుండా పేర్లు చెప్పినావిడకు ఆ ఒక్కటీ తెలియలేదంటే, అది ఏ ఇంటిదో నాకు తెలిసిపోయింది.

మానస బెంచీ మీద కూలబడింది. "సిస్టర్, పేర్ల రిజిస్టరు నేను తాళం వేసి పెట్టాను."

"అది భద్రంగానే ఉందిలే" అన్నాను. ఇంతకన్నా ఓదార్పు నాకు దొరకలేదు. పాడేరులో ఎగ్జిబిషన్ ఇంకో పన్నెండు రోజుల్లో ఉంది. డాక్టర్లు, ఆఫీసర్లు వస్తారు. బొమ్మలు వేసినవాళ్లనూ వాళ్ల ఊరివాళ్లనూ తీసుకెళ్లడానికి రెండు జీపులు కూడా మాట్లాడేశాం.

మంగళవారం మాకు గర్భిణుల పరీక్షల రోజు. ఆ మంగళవారం చిలకమ్మ రాలేదు. ఆమె విషయంలో ఇది చిన్న సంగతి కాదు. మొదటి కాన్పులో ఆమెకు పీపీహెచ్ అయింది, అంటే బిడ్డ పుట్టాక ఆగకుండా రక్తం పోవడం. అంబులెన్సులో పాడేరు పంపి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఒకసారి అలా అయినవాళ్లకు మళ్లీ కావచ్చు. ఇంటి దగ్గర అయితే, కొండ దించేలోపు అంతా అయిపోతుంది. బుధవారం పొద్దున్నే జీపెక్కాను. జీపు వెళ్లలేని చోట దిగి, మిగతాది నడిచాను.

గాసమ్మ అరుగు మీద అడ్డాకులు కుడుతోంది.

"కోడలేదమ్మా?"

"ఉన్నాది."

"నిన్న రాలేదే."

"వాన."

"ఇన్నాళ్లూ వానలోనే వచ్చింది కదా."

గాసమ్మ ఆకు మీద ఆకు పెట్టి పుల్ల గుచ్చింది. "ఈ పాలి ఇంటికాడే పురుడు. నాకు అయిదుగురూ ఇంటికాడే పుట్టినారు."

ఆ అయిదుగురిలో ఎందరు బతికారో నా రిజిస్టరులో ఉంది. అది నోటిదాకా వచ్చింది కానీ, అనలేదు. "మొదటిసారి రక్తం ఎంత పోయిందో మర్చిపోయావా?" అన్నాను.

"నాను మర్సిపోనేదు. మీరు మర్సిపోరనే నా బయం. పాడేరులో ఆ గుడ్డ కడతారు. పెద్దోలు సూత్తారు. ఎవులేసినారంటే ఈ కొండలో పెతీ ఆడదీ సెప్పుద్ది. నర్సు మీద బొమ్మేసిన గుంట రేపు అదే నర్సు సేతికి నొప్పుల్తో దొరుకుద్ది. అప్పుడేటవుద్ది?"

"పెద్ద సిస్టరు అరుస్తుందే తప్ప అలాంటి మనిషి కాదు. ఆమెతో నేను మాట్లాడతాను. నా మాట వింటుంది."

గాసమ్మ కుట్టడం ఆపింది. లోపలి నుంచి చిలకమ్మ వచ్చి గడపలో నిలబడింది.

"పెద్ద సిస్టరు కాదు."

"మరి?"

"నువ్వే సిస్టరమ్మా."

నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. చిలకమ్మ నా కుడి చేతి వైపు చూపించింది. చిన్నప్పుడు ఎడమ మణికట్టు మీద గంజి ఒలికి కాలిన మచ్చ ఉంటే, అప్పటి నుంచీ వాచీ కుడిచేతికే పెట్టుకుంటాను. మా ఆస్పత్రిలో అలా పెట్టుకునేది నేనొక్కదాన్నే.

ఆమె కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే నాకు సులువయ్యేది.

"నా మొదటి పురుడుకి మా అమ్మ ఆ కొండవతల్నుంచి నడిసొచ్చింది. గేటుకాడ ఆపీసినారు. అమ్మొచ్చింది, లోనికి రమ్మను అన్నాను. నువ్వు సూద్దాం అన్నావు. మల్లీ అడిగినాను. సూద్దాం అన్నావు. మూడోపాలి అడిగితే కాయితం రాసుకుంటా, తలెత్తకుండా, సూద్దాం అన్నావు. అమ్మ వానలోనే నిలబడిపోనాది. నన్ను బండెక్కించినప్పుడు సూసింది నన్ను. ఆ తలుపులేసేలోపు."

నాకు అది గుర్తులేదు. ఇది సాకు కాదు, అసలు తప్పు ఇదే. ఆ రోజు మిగతాదంతా గుర్తుంది. బీపీ ఎంత పడిపోయిందో, ఏ ఇంజెక్షను ఎప్పుడిచ్చానో, అంబులెన్సు ఏ నిమిషానికి కదిలిందో. ఆ కేస్ షీటు, అంటే రోగికి ఏ క్షణాన ఏం చేశామో రాసే కాగితం, అంత చక్కగా ఉందని పాడేరు డాక్టరు మెచ్చుకున్నారు. దాన్ని చూపించి కొత్తగా వచ్చిన నర్సులకు పాఠం కూడా చెప్పాను. గేటు దగ్గరి ముసలమ్మ ఆ కేస్ షీటులో లేదు.

"ఆ బొమ్మ తీయించేస్తాను" అన్నాను. "ఫారంలో ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు."

"తీసేత్తే నాను సెప్పింది ఏటయినట్టు?"

"ఉంచితే నీదని తెలుస్తుంది కదా."

"ఉండాల. నాదని తెలకూడదు."

"రెండూ ఎలా కుదురుతాయి చిలకమ్మా?"

నేను బీఎస్సీ చదివాను. ప్రొఫెసరు మేడం అంతకన్నా చాలా చదివారు. జవాబు అరుగు మీది నుంచి వచ్చింది. గాసమ్మ కుట్టిన విస్తరి పక్కన పడేసి అంది: "పెల్లింటి గోడ ఒక్కలే ఏత్తారేటి?"

పెళ్లి కుదిరిన ఇంటి గోడకు ఆ గూడెంలో ఆడవాళ్లందరూ కలిసి పట్టీ తీస్తారట. ఒకరు మొదలెట్టిన గీత ఇంకొకరు నడుపుతారు, మూడో ఆమె ముగిస్తుంది. ఆ గోడను చూసి ఇది ఎవరి చెయ్యి అని ఎవరూ అడగరు. అడిగినా తెలియదు. అలాగే పదకొండు బొమ్మలూ మళ్లీ కొత్త గుడ్డల మీద, అందరూ అన్నిటి మీదా చెయ్యి వేసి, వేద్దామంది.

ఆ సాయంత్రం మానస, సిగ్నలు కోసం మా నీళ్ల ట్యాంకు మెట్టెక్కి, ప్రొఫెసరు మేడంతో మాట్లాడింది. స్పీకరు పెట్టింది కాబట్టి నేనూ విన్నాను.

"అన్నీ కలిపేస్తే డేటా ఏమవుతుంది మానసా? ఎవరి అనుభవం ఏదో ఎలా చెబుతాం?"

"మనకు తెలుసు మేడం. తెలియకూడనిది మిగతావాళ్లకి. ఆ మాటిచ్చింది మనమే."

"కరెక్టే" అన్నారు ఆవిడ. "ఎథిక్స్ కమిటీకి నేను రాస్తాను." ఎథిక్స్ కమిటీ అంటే పరిశోధన వల్ల మనుషులకు హాని జరగకుండా చూసే పెద్దల సంఘం. వాళ్లు ఒప్పుకునేదాకా ఎగ్జిబిషన్ వాయిదా వేశారు. పరిశోధన చేసేవాళ్లు తమ తేదీ మార్చుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది. ట్యాంకు దిగేటప్పుడు చెయ్యి కూడా అందించాను.

ఒప్పుకోలు వచ్చాక రెండో కన్సెంటు. ఈసారి చదివింది నేను కాదు. ఆస్పత్రితో ఏ సంబంధమూ లేని, పక్క ఊరి అంగన్‌వాడీ టీచరు. నేను ఆ చుట్టుపక్కలే ఉండనని మాటిచ్చి, స్టోరు గదిలో దూది లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆడవాళ్లు ఫారంలో రెండు మాటలు చేర్పించారు. బొమ్మలు తమవే, చూపించిన తర్వాత తమకే రావాలి. పాత గుడ్డలు ఎవరివి వాళ్లకు ఇచ్చేయాలి. పాతవాటిని అందరూ వాగుకు పట్టుకెళ్లి జాడించేశారు. మట్టి కదా, పోయింది. ఫోటోలు తాళంలో భద్రంగా ఉన్నా, తన నాలుగు రోజుల డేటా ఎర్రగా కిందికి ప్రవహిస్తుంటే మానస కాసేపు వేరే కొండ వైపు చూసింది.

మళ్లీ వేసిన రోజు నేను గుమ్మం దగ్గర టీ పెట్టి వెళ్లిపోబోతుంటే గాసమ్మ పిలిచింది. "రా సిస్టరమ్మా."

"నేను ఉండకూడదు కదా."

"అది మీ రూలు. పెల్లింటికొచ్చినోలు సెయ్యి ఎయ్యకుండా పోరు."

లోపలికి వెళ్లాను. ఏడో గుడ్డ మీద తెల్లమనిషి అప్పటికే నిలబడి ఉంది. మొదటిదానికన్నా పెద్దగా వచ్చింది. గేటు, ముసలమ్మ, వాన అన్నీ ఉన్నాయి. చెవులు లేవు, అది సరే. కుడి మణికట్టు మాత్రం బోసిగా ఉంది.

"వాచీ ఏది?"

చిలకమ్మ వేళ్లకు మట్టి తుడుచుకుంటూ అంది: "తీసీసినాం. నీకూ పిల్లలున్నారు కదేటి. పైవోలు సూత్తే ఊరుకుంతారా?"

నా పేరు కాపాడమని నేనెవరినీ అడగలేదు. ఆ నాలుగు పేజీల ఫారంలో బొమ్మ వేసేవాళ్ల గురించి చాలా ఉంది. బొమ్మలో ఉండేవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. చదువుకున్న మాకెవరికీ అది తట్టలేదు. నా వల్ల తల్లిని గేటు బయట వదులుకున్న మనిషికి తట్టింది.

వేలు బొగ్గులో ముంచి, ఆ తెల్లమనిషి కుడి మణికట్టుకు వాచీ పెట్టాను. నల్లగా, గుండ్రంగా వేద్దామనుకున్నాను. చుక్క కారి మోచేతిదాకా వచ్చింది.

గాసమ్మ వంగి చూసింది. "అందరి సేతులూ కలిసిపోనాయి. ఈ ఒక్కటీ ఎవులిదో గుడ్డోడైనా సెప్పేత్తాడు."

పదకొండు మంది అలా నవ్వుతుంటే మధ్యలో నిలబడటం నా ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి. అంత చెడ్డగా ఏమీ లేదు.

పాడేరులో ఎగ్జిబిషన్ రోజున ఊరి ఆడవాళ్లు గుడ్డల ముందు తలలు వంచి, చేతులు చదవబోయి, చదవలేక, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిలకమ్మ అత్త పక్కన నిలబడి, మిగతా అందరిలాగే ఆశ్చర్యపోయింది. బాగా ఆశ్చర్యపోయింది. ఆ ఒక్క విషయంలో కొంచెం తగ్గిస్తే బాగుండేది. వేరే ఆస్పత్రి నర్సు ఒకామె మానసను పక్కకు పిలిచి, ఏడోది తమ ఆస్పత్రిదేనా అని అడిగింది. కాసేపటికి ఇంకో ఆస్పత్రి ఆమె కూడా అడిగింది. మా సీనియర్ సిస్టరు దాని ముందు చాలాసేపు నిలబడింది.

"నేనే కదే?" అంది మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడగలదని నాకు అప్పుడే తెలిసింది.

"కాదక్కా, నేను. వాచీ చూడు."

ఆమె చూసింది. "వాచీ నీదే. నోరు మాత్రం నాదే" అంది.

మా డాక్టరుగారికి వాచీ సంగతి, గేటు సంగతి నేనే చెప్పాను. ఆయన గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగారు. బర్త్ కంపానియన్ అనే ఏర్పాటు, అంటే కాన్పు గదిలో గర్భిణికి తోడుగా ఆమె కోరిన ఒక ఆడమనిషిని ఉండనివ్వడం, మాకు కొత్తదేమీ కాదు. దాని పోస్టరు మా వరండాలో ఇంగ్లీషులో ఎప్పటి నుంచో వేలాడుతోంది. మా గేటుకు ఇంగ్లీషు రాదు. ఆ వారం నుంచి తాళం తీసేశాం.

ఇంతా చేసి, చిలకమ్మ వస్తుందా రాదా అన్నది మిగిలే ఉంది. తొమ్మిదో నెల వచ్చింది. వెయిటింగ్ హోమ్‌లో కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంచి, ఎందుకు ఖాళీ అని అడిగినవాళ్లకు పరుపు ఆరబెట్టాలని చెప్పాను. ఎనిమిది రోజులు ఆరబెట్టాను. తొమ్మిదో రోజు పొద్దున జీపు ఆగింది. ముందు గాసమ్మ దిగింది, తర్వాత చిలకమ్మ. ఆ వెనక నేనెప్పుడూ చూడని ఒక చిన్న ముసలమ్మ దిగింది. నిజానికి ఒకసారి చూసే ఉంటాను.

ఆమె గేటు దగ్గర అలవాటుగా ఆగిపోయింది. నేను వెళ్లి మూట అందుకున్నాను. "లోపలికి రా అమ్మా" అన్నాను. రెండేళ్లు ఆలస్యమైంది.

పదిహేను రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం కాన్పు. చిలకమ్మ తల దగ్గర వాళ్లమ్మ కూర్చుని నుదురు నిమురుతోంది. "ఇంకేమైనా కావాలా?" అని అడిగాను చిలకమ్మను.

"ఆ కాయితం పక్కనెట్టు."

పెట్టాను. ఆడపిల్ల పుట్టింది. రక్తం ఎంత పోవాలో అంతే పోయి ఆగింది. మందులు సిద్ధంగా పెట్టుకుని, చెయ్యి ఆమె పొట్ట మీదే ఉంచి కూర్చున్నాను. అంతా కుదుటపడ్డాకే కేస్ షీటు నింపాను. నా సర్వీసులో ఆలస్యంగా నింపిన మొదటి కేస్ షీటు అది. ఎందుకు ఆలస్యమైందని డాక్టరుగారు అడిగితే, పేషెంటు సలహా అని చెప్పాను.

ఆ తర్వాత ఎవరి సంతకం తీసుకోవాల్సి వచ్చినా ఒక ప్రశ్న వేసుకుంటున్నాను. ఈమె నాకు వద్దని చెప్పగలదా? చెప్పలేదనిపిస్తే, కాగితం ఇంకొకరి చేతికిచ్చి నేను దూది లెక్కపెట్టుకోవడానికి పోతున్నాను. మా స్టోరులో దూది లెక్క ఇప్పుడు జిల్లాలోకెల్లా కచ్చితంగా ఉంటుందని నా నమ్మకం. మాటిచ్చే ముందు, ఆ మాట నిలబడుతుందో లేదో ఎవరికివ్వబోతున్నానో వాళ్లనే అడగాలన్నది కూడా నేర్చుకున్నాను. పేరు ఎలా దాచాలో మాకు తెలుసు. చెయ్యి ఎలా దాచాలో గాసమ్మకు తెలుసు.

బొమ్మలు వాళ్లవే అయినా, వాళ్ల ఇష్టంతోనే వెయిటింగ్ హోమ్ హాల్లో ఉన్నాయి. మట్టి రాలుతుంది కాబట్టి ఏటా ఒకసారి వచ్చి దిద్ది పోతారు. కిందటి సారి వాళ్లు దిద్దుతున్నప్పుడు నేను కాన్పులో ఉండిపోయి, వెళ్లేసరికి చెప్పులేసుకుంటున్నారు. ఏడో గుడ్డ దగ్గరికెళ్లి చూశాను. వాచీ అలాగే ఉంది, నా వంకర చుక్కతో సహా. తెల్లమనిషి తలకు కుడిపక్కన కొత్తగా, తడిగా, ఒక చెవి ఉంది.

నాకు రెండు ప్రశంసాపత్రాలు వచ్చాయి, ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టాను. వాటిని చూడమని ఎవరినీ పిలవలేదు. ఈ చెవిని చూపించడానికి మాత్రం సీనియర్ సిస్టరును, డాక్టరుగారిని, అంబులెన్సు డ్రైవరును కూడా పిలిచాను.

చిలకమ్మ పాపను చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "మరి రెండోది?" అని అడిగాను.

ఆమె నా వైపు తలెత్తి చూడకుండా, పాప టోపీ సర్దుకుంటూ అంది:

"సూద్దాం."